బాత్రూం నేలకు టైల్సా, బండలా? ఇంట్లో తలా ఒక మాట

ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులోని సంగతులు క్లుప్తంగా ఇవి.

1996లో మామగారు కట్టించిన మేడ. కింది వాటా అద్దెకిచ్చారు. పై వాటాలో ఈమె, భర్త, ఇంటర్ చదివే కొడుకు, 72 ఏళ్ల అత్తగారు ఉంటారు. పైన ఉన్నది ఒక్కటే బాత్రూం. ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, ఒక చివర కమోడ్, ఇంకో చివర స్నానం చేసే చోటు. నేలకు తాండూరు బండలు, గోడలకు నడుమెత్తు వరకు తెల్ల టైల్స్. మొన్న దీపావళి పొద్దున తలంటు పోసుకుని పీట మీంచి లేవబోతూ అత్తగారు జారి పడ్డారు, కుడి మణికట్టు విరిగింది. "నేనే నూనె అంటి, కుంకుడు రసం కలిపిచ్చి, పొయ్యి మీద పాలున్నాయని వంటింట్లోకి వెళ్లాను. ఆ నురగ మీద రెండు చెంబులు నీళ్లు పోసి వెళ్లి ఉంటే పడేవారు కాదేమో. ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు" అని రాశారు.

అప్పటినుంచి బాత్రూం మార్చాలనే మాట నడుస్తోంది. చీటీ పాడిన డబ్బు లక్షన్నర చేతిలో ఉంది. భర్తకు ఒక స్నేహితుడి గృహప్రవేశంలో చూసిన టైల్స్ కావాలి, పాలరాయిలా మెరిసేవి, రెండు బై నాలుగు అడుగులవి. తాపీ మేస్త్రి "ఉన్న బండల మీదే టైల్స్ అంటించేద్దాం, మూడు రోజుల్లో అప్పజెబుతా" అంటున్నాడు. డల్లాస్‌లో ఉండే మరిది వీడియో కాల్‌లో తన బాత్రూం చూపించి, చెక్కలా కనిపించే వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) పలకలు వేయించమంటున్నాడు. అత్తగారేమో "మీ మామయ్య దగ్గరుండి ఏరి తెచ్చిన బండలు, వాటి జోలికి వెళ్లొద్దు. నేనింకెన్నాళ్లుంటాను, నా కోసం ఇంత ఖర్చెందుకు" అంటున్నారు. ఇది చాలదన్నట్టు కింది వాటా వంటింటి సీలింగ్‌లో, సరిగ్గా ఈ బాత్రూం కింద, ఏడాదిగా చెమ్మ మచ్చ ఉంది, రెండుసార్లు పెయింట్ వేయించినా మళ్లీ పెచ్చు లేస్తోంది. బోరు నీళ్లకు నేల తెల్లగా చారికలు కడుతుందని ప్రతి ఆదివారం యాసిడ్ పోసి రుద్దుతానని కూడా మధ్యలో ఎక్కడో రాశారు. చివరి మాట ఇది: "ఏది ఎంచినా రేపు తేడా వస్తే అనేది నన్నే. ఏ టైలు వేయించాలో మీరే ఒక్క ముక్కలో చెప్పండి అక్కా."

అమ్మా, ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు కానీ అది మీకు పనికిరాదు, ఎందుకంటే మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉన్నాయి. నీళ్లు కిందికి ఎందుకు దిగుతున్నాయి, మీ అత్తగారు ఎందుకు జారారు, ఇంట్లో ఎవరి మాట వినాలి. టైలు అనేది రెండో ప్రశ్నకు మాత్రమే జవాబు, అదీ సగం. కాబట్టి విడదీసి మాట్లాడుకుందాం.

ముందు ఆ దీపావళి సంగతి. నూనె, సున్నిపిండి, కుంకుడు నురగ మూడూ కలిసిన నీళ్లు పడితే ఏ నేలైనా జారుతుంది. మీరు రెండు చెంబులు పోసినా ఆ జిడ్డు పోయేది కాదు, బ్రష్ పెట్టి రుద్దితే గానీ పోదు. పాతికేళ్లకు పైగా పాదాలు తగిలి నునుపెక్కిన బండ, తడి పీట, లేచేటప్పుడు పట్టుకోవడానికి గోడకు ఏమీ లేకపోవడం, ఇవీ ఆవిడ పడటానికి కారణాలు. మీరు పాలు చూడటానికి వెళ్లడం ఆ లెక్కలోకి రాదు, దయచేసి దాన్ని మనసులోంచి తీసేయండి. ఇంకొకటి, ఆ వయసులో పీట మీంచి లేస్తూ పడితేనే మణికట్టు విరిగిందంటే ఎముకలు పలచబడి ఉండొచ్చు. ఎముకల సాంద్రత పరీక్ష అవసరమా అని ఈసారి కట్టు చూపించడానికి వెళ్లినప్పుడు డాక్టర్‌ని అడగండి.

ఇక మీరు ఒక్క వాక్యంలో దాటేసిన యాసిడ్ సంగతి. మొత్తం ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం అదే. తాండూరు బండ, షాబాద్ బండ, కడప బండ, బేతంచెర్ల బండ, పేర్లు ఊళ్లను బట్టి మారతాయి కానీ అన్నీ సున్నపురాయి జాతే, పాలరాయీ ఆ బంధువే. బోరు నీళ్లు ఆరాక మిగిలే తెల్ల చారిక కూడా చాలావరకు అదే పదార్థం, కాల్షియం కార్బొనేట్. యాసిడ్‌కు ఏది చారికో ఏది రాయో తెలీదు, రెండింటినీ కరిగిస్తుంది. పోయగానే బుస్సుమని నురగ లేస్తుంది చూశారా, మురికి పోతోందని మనం సంతోషపడతాం, ఆ నురగలో సగం మీ మామగారి బండ. పైపొర కరిగి సన్నని గుంటలు పడతాయి, వాటిలో సబ్బు జిడ్డు చేరుతుంది, దాని మీద పాచి పడుతుంది, మళ్లీ మీరు యాసిడ్ తెస్తారు. బండల మధ్య ఉన్న సిమెంట్ జాయింట్లనూ అది తినేస్తుంది, ఆ సందుల్లోంచే నీళ్లు కిందికి దిగి ఉండొచ్చు. ఇది మీ తప్పని చెప్పడం లేదు, షాపులో బాత్రూం క్లీనర్ అని అడిగితే ఇచ్చేవాటిలో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడే, సీసా మీద ఉన్నా ఎవరూ చదవరు. ఈ ఆదివారం నుంచే ఆపేయండి. ఆ యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎప్పుడూ కలిపి వాడొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపేసిన చిన్న గదిలో అది ప్రాణాపాయం.

ఇప్పుడు చెమ్మ మచ్చ. నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను, ఆ మచ్చ ఎక్కడినుంచి వస్తోందో తేలకుండా ఒక్క టైలు కూడా కొనకండి. తేల్చడం పెద్ద పనేం కాదు. ముందు ప్లంబర్‌ని పిలిచి బాత్రూంకు వచ్చే పైపులకు ప్రెజర్ టెస్ట్ చేయించండి. చివర్లు మూసి, చేతి పంపుతో నీళ్ల ఒత్తిడి పెట్టి, మీటరు ముల్లు పడిపోతోందా నిలబడుతోందా చూస్తారు. 1996 నాటి ఇల్లంటే గోడల్లో జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులే ఉండి ఉంటాయి, అవి ఈపాటికి లోపల తుప్పు పట్టి ఉండటంలో ఆశ్చర్యం లేదు. పైపు బాగానే ఉందని తేలితే రెండో పరీక్ష, నహానీ ట్రాప్‌ను, అంటే నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ రంధ్రాన్ని, గుడ్డతో గట్టిగా మూసి, గడప దగ్గర తడి ఇసుకతో చిన్న కట్ట కట్టి, నేల మీద అంగుళం నీళ్లు నిలబెట్టి ఒక రోజంతా వదిలేయండి. కింద మచ్చ పెరిగితే నేలదే తప్పు. పెరగకపోయి, ట్రాప్ తెరిచి నీళ్లు వదిలాక తడి కనిపిస్తే డ్రెయిన్ పైపు జాయింట్ పోయిందన్నమాట. ఈ పరీక్ష చేసే ముందు కింది వాళ్లకు తప్పకుండా చెప్పండి, వంటింట్లో ఆ మచ్చ కింద సామాను తీసేయమనండి, అక్కడ లైటో ఫ్యానో ఉంటే ఆ లైను ఆఫ్ చేయించండి.

ఈ రెండు పరీక్షల ఫలితాన్ని బట్టి మీ ముందు మూడు దారులుంటాయి.

ఒకటి, బండలు అలాగే ఉంచడం. నేల గట్టిగా ఉండి, లీకు పైపుదేనని తేలితే ఇది చేయొచ్చు. పైపు మార్పించి, బండల జాయింట్లు గీకించి ఎపాక్సీ గ్రౌట్‌తో (సందుల్లో నింపే, నీళ్లు పీల్చని రెసిన్ మిశ్రమం) నింపించి, నునుపెక్కిన పైభాగాన్ని మిషన్‌తో కొంచెం గరుకు చేయిస్తే మూడు నాలుగు రోజుల పని. అత్తగారి మాట నిలబడుతుంది, ఖర్చూ తక్కువ. కానీ గరుకు చేసిన సున్నపురాయి పసుపునూ నూనెనూ పీల్చుకుంటుంది, రాతికి వేసే సీలర్ కొట్టించాలి, అది అరిగినప్పుడల్లా మళ్లీ కొట్టిస్తూ ఉండాలి, యాసిడ్ అన్న మాట జన్మలో తలవకూడదు. మీ బోరు నీళ్లతో అది మీరు నిలబెట్టుకోగలరా అని ఆలోచించుకోండి. రోజూ స్నానాలయ్యాక వైపర్‌తో నీళ్లు లాగేసే అలవాటు ఇంట్లో అందరికీ ఉంటేనే ఆ చారికలు తగ్గుతాయి, కొడుకుతో సహా.

రెండోది మేస్త్రి చెప్పిన దారి, బండల మీద టైల్స్. దీన్ని కొట్టిపారేయను, కొన్నిచోట్ల చక్కగా పనిచేస్తుంది. పగలగొట్టే మోత ఉండదు, దుమ్ము ఉండదు, ఒక్కటే బాత్రూం ఉన్న ఇంటికి మూడు రోజుల్లో అయిపోవడం చిన్న సుఖం కాదు. అయితే కింద బండలన్నీ గట్టిగా ఉండాలి, రూపాయి బిళ్లతో ఒక్కో బండనూ కొట్టి చూడండి, డొల్లగా మోగితే దాని కింద ఖాళీ ఉన్నట్టే. నేల ఎత్తు ఇంచుమించు అర అంగుళం పెరుగుతుంది, తలుపు కింద కోయాలి, బయట హాలు కంటే బాత్రూం నేల దిగువన ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే నీళ్లు హాల్లోకి వస్తాయి. పాత నేలలో వాటం, అంటే నీళ్లు పారే వాలు, తప్పుగా ఉంటే అదే తప్పు కొత్త నేలకూ వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, లీకు నేలలోంచే అని తేలితే ఈ దారి మూసుకుపోయినట్టే. కొన్నాళ్లు మచ్చ తగ్గినట్టు కనిపిస్తుంది, తర్వాత రెండు పొరలు పగలగొట్టాల్సి వస్తుంది. చీటీ డబ్బు రెండోసారి రాదు కదా.

మూడోది, మొత్తం తీసేయడం. పది పదిహేను రోజులు పడుతుంది, ఇంటినిండా దుమ్ము, కింది వాటా బాత్రూం వాడుకోనివ్వమని అడగాలి లేదా అత్తగారిని ఆ రెండు వారాలు కూతురి దగ్గరకో చెల్లెలి దగ్గరకో పంపాలి, కట్టు ఉన్న చేతితో ఆవిడ మెట్లు దిగి ఎక్కడం మంచిది కాదు. కానీ అన్నీ ఒకేసారి సరిచేసుకునే అవకాశం ఇదొక్కటే ఇస్తుంది. బాత్రూం మేర స్లాబ్‌ను మిగతా ఇంటి కంటే కిందికి దింపి కట్టి ఉంటే అందులో నింపిన ఇటుక ముక్కలూ ఇసుకా ఏళ్ల తరబడి నీళ్లు తాగి స్పాంజిలా ఉంటాయి, వాటిని తీయకుండా పైన ఎంత మందు పూసినా దండగ. పూర్తిగా తీయించి, పైపులన్నీ సీపీవీసీకి (తుప్పు పట్టని ప్లాస్టిక్ పైపులు) మార్పించి, ముందు స్లాబ్ మీద ఒకసారి, నింపి చదును చేశాక ఇంకోసారి వాటర్‌ప్రూఫింగ్ కొట్టించండి. మూలల్లో, పైపులు నేలలోంచి పైకొచ్చే చోట్ల, ట్రాప్ చుట్టూ ప్రత్యేకంగా చూడండి, లీకులు మొదలయ్యేది అక్కడే. గోడలకు అడుగెత్తు, స్నానం చేసే వైపు ఆరడుగులు ఆ పూత ఎక్కాలి. ఆరాక మళ్లీ 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింద పొడిగా ఉందని మీ కళ్లతో చూశాకే టైల్స్ మొదలుపెట్టనివ్వండి. మేస్త్రి తొందరపెడతాడు, రెండు రోజుల కూలీ పోతుందంటాడు. ఆ రెండు రోజులకు ముందే ఒప్పందం మాట్లాడుకుంటే పేచీ ఉండదు.

మీరు రాసినదాన్ని బట్టి, ఏడాదిగా ఆరని మచ్చ, యాసిడ్ తిన్న జాయింట్లు, పాతికేళ్లు దాటిన పైపులు, నాకు మూడో దారే కనిపిస్తోంది. అయినా పరీక్ష ఏం చెబితే అదే.

మూడో దారి పడితే నేలకు ఏం వేయాలి? ఇక్కడ మీ భర్తగారి టైల్స్ దగ్గరకొద్దాం. మెరిసే టైలు పొడిగా ఉన్నప్పుడు ఎంత అందమో, నూనె నీళ్లు పడితే అంత ప్రమాదం. పైగా రెండు బై నాలుగు అడుగుల టైలును ట్రాప్ వైపు నాలుగు పక్కల నుంచి వాలేలా పరచడం కుదరదు, టైలు ఎక్కడా వంగదు కదా, ఐమూలగా కోసి ముక్కలు చేయాలి, అప్పుడు ఆ పెద్ద టైలు అందమే పోతుంది. బాత్రూం నేలకు అడుగు బై అడుగు టైలు మంచిది. వాటం బాగా వస్తుంది, జాయింట్లు ఎక్కువ కాబట్టి కాలికి పట్టు దొరుకుతుంది. వాటం అంటే మీటరుకు ఒకటిన్నర సెంటీమీటర్ల వరకు పెట్టించండి. మీ ఎనిమిదడుగుల పొడవుకు ఆ చివర నుంచి ఈ చివరకు మూడున్నర సెంటీమీటర్లు దిగాలి. మేస్త్రి కంటితో చూసి సరిపోయిందంటే ఒప్పుకోకండి, లెవెల్ ట్యూబ్ పెట్టించండి.

షాపులో మ్యాట్ అనీ యాంటీ స్కిడ్ అనీ రెండూ ఒకటే అన్నట్టు చెబుతారు. కాదు. మ్యాట్ అంటే మెరవదని మాత్రమే. జారకపోవడానికి వేరే కొలత ఉంది, టైలు పెట్టె మీదో కంపెనీ పుస్తకంలోనో ఆర్9, ఆర్10, ఆర్11 అని రాస్తారు, 13 వరకు ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. నూనె పూసిన వాలు బల్ల మీద బూట్లు వేసుకున్న మనిషి ఎంత వాలు వరకు జారకుండా నడవగలడో చూసి ఆ అంకె ఇస్తారు. ఉత్త కాళ్లతో, సబ్బు నీళ్ల మీద చేసే పరీక్ష వేరే ఉంది, దానికి ఏ, బీ, సీ అని తరగతులు, మన స్నానాలకు అదే దగ్గర, దొరికితే బీ చూడండి. అది రాసిలేకపోతే ఆర్10 కంటే తక్కువ తీసుకోవద్దు, ఆర్11 అయితే అత్తగారికి ఇంకా మంచిది. అంతకంటే గరుకు మాత్రం వద్దు. ఇది నేను అనుభవంతో చెబుతున్నాను. మా అమ్మ కోసమని బొడిపెలున్న టైలు వేయించాను, జారలేదు, నిజమే, కానీ ఆ బొడిపెల మధ్య సబ్బు జిడ్డు చేరి నల్లబడింది, వారానికి రెండు గంటలు వంగి రుద్దాల్సి వచ్చేది, నడుము నొప్పితో అమ్మే రుద్దేది, నేను ఊళ్లో లేనప్పుడు. నేలను ఎంచుకునేటప్పుడు దాని మీద నిలబడే మనిషితో పాటు దాన్ని రోజూ కడిగే మనిషి గురించి కూడా ఆలోచించాలని నాకు అప్పుడు తట్టలేదు. మీ ఇంట్లో ఆ కడిగే మనిషి మీరే కదా. అందుకే ఈ విషయంలో మీ మాటకు మిగతావాళ్ల కంటే బరువు ఎక్కువ ఉండాలి, మొహమాటపడకండి.

టైలు రకం పోర్సిలిన్ గానీ ఫుల్ బాడీ విట్రిఫైడ్ గానీ తీసుకోండి, అవి నూటికి అర వంతు కూడా నీరు పీల్చవు. గోడ టైలు నూటికి పది వంతులకు పైగా పీలుస్తుంది, చవకగా వస్తుందని అది నేలకు వేస్తే పగుళ్లే. మన దేశంలో తయారయ్యే టైల్స్‌లో ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచే వస్తాయి, ఊరికి దగ్గర షాపైనా దూరం షాపైనా సరుకు చాలావరకు అక్కడిదే, కాబట్టి పేరు చూసి కాకుండా చేత్తో పట్టుకుని చూసి కొనండి. రెండు మూడు రకాల శాంపిల్ ఒక్కోటి ఇంటికి తెచ్చుకోండి. ఒక్కోదాని మీద పసుపు, కొబ్బరినూనె, జుట్టుకు వేసే రంగు కొంచెం పూసి రాత్రంతా ఉంచి పొద్దున సబ్బుతో కడగండి, మరక నిలిచిందో లేదో తేలిపోతుంది. గాజు గోడ కట్టిన షవర్ ఉన్న ఇళ్లకు ఇది అక్కర్లేదేమో గానీ, పీట మీద కూర్చుని నలుగు పెట్టుకుని, పక్కనే బకెట్‌లో బట్టలు నానబెట్టే మన బాత్రూంలకు ఈ పరీక్ష కావాలి. రంగు మరీ ముదురైతే బోరు నీళ్ల తెల్ల చారికలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, మరీ తెలుపైతే ప్రతి వెంట్రుకా కనిపిస్తుంది, లేత బూడిద, ఇసుక రంగు లాంటివి నయం. గజిబిజి డిజైన్ వద్దు, చూపు మందగించినవాళ్లకు అందులో నీళ్లు నిలిచిన చోటు కనబడదు. గోడ రంగుకూ నేల రంగుకూ స్పష్టమైన తేడా ఉండేలా చూడండి.

రాయే కావాలని అత్తగారు పట్టుబడితే అందుకూ ఒక వీలుంది, గ్రానైట్. అది సున్నపురాయి కాదు, మీరు వాడే క్లీనర్లకు తాండూరు బండలా కరగదు, కరీంనగర్ రాయి, చీమకుర్తి రాయి మనకు దగ్గరే. మెరుపు పాలిష్ చేసింది కాకుండా మంటతో పైభాగం గరుకు చేసిన ఫ్లేమ్డ్ రాయి అడగండి. కూలీ ఎక్కువ, బరువెక్కువ, కానీ బకెట్ జారిపడినా పగలదు.

జాయింట్లకు తెల్ల సిమెంట్ వద్దు. అది పసుపు పట్టి, నల్లబడి, మళ్లీ మిమ్మల్ని ఆ యాసిడ్ దగ్గరకే తీసుకెళ్తుంది. ఎపాక్సీ గ్రౌట్ ఖరీదెక్కువే, పని తెలిసినవాడు కావాలి, పెట్టిన వెంటనే తుడవకపోతే టైలు మీదే గట్టిపడి కూర్చుంటుంది, కానీ నీళ్లు పీల్చదు, మరక పట్టదు. టైల్స్‌ను సిమెంట్ పాలతో అతికించడం కూడా ఒప్పుకోకండి, నీరు పీల్చని టైలుకు సిమెంట్ సరిగా అంటుకోదు, కొన్నాళ్లకు డొల్ల మోత వస్తుంది. టైల్ అడ్హెసివ్ వాడమనండి.

ఖర్చు లెక్క ఒకసారి చూద్దాం, ఇది మీ భర్తగారికి కూడా చూపించండి. మీ నేల 40 చదరపు అడుగులు, విరిగిపోయేవాటికి పది శాతం కలిపితే 44. చదరపు అడుగుకు 40 రూపాయలు ఎక్కువ పెట్టి మంచి టైలు తీసుకున్నా మొత్తం మీద పెరిగేది 1,760 రూపాయలు. ఆ నేల గురించి ఇంత మథనపడుతున్నారు కానీ డబ్బు పోయేది అక్కడ కాదు. గోడలకు ఏడడుగుల ఎత్తు వేస్తే తలుపు తీసేసి సుమారు 165 చదరపు అడుగులు, నేలకు నాలుగింతలు. కాబట్టి ఆయన ఇష్టపడ్డ మెరిసే పెద్ద టైల్స్ గోడలకు వేయించుకోమనండి, అక్కడ అవి నిజంగానే బాగుంటాయి, జాయింట్లు తక్కువ, తుడవడం సులువు, చిన్న గది వెలుతురుగా కనిపిస్తుంది. బడ్జెట్ చాలకపోతే ఆ వైపు తగ్గించుకోవచ్చు, వాటర్‌ప్రూఫింగ్‌లో, పైపుల్లో మాత్రం తగ్గించొద్దు. ఆ గోడ టైల్స్ వేయకముందే కమోడ్ పక్కన, స్నానం చేసే చోట పట్టుకునే స్టీల్ రాడ్లకు చోటు గుర్తు పెట్టించండి, ఇటుక గోడలోకి గట్టిగా దిగే యాంకర్ బోల్టులతో, అత్తగారు కూర్చుని లేచి చూసి తన చేతికి అందే ఎత్తు తానే చెప్పాలి. టవల్ వేసుకునే రాడ్ మనిషి బరువు మోయదు. పీట బదులు రబ్బరు కాళ్లున్న ఎత్తు స్టూలు పెట్టండి.

మరిదిగారి సలహా ప్రేమతో చెప్పిందే, కానీ ఆయన బాత్రూంలో నీళ్లు టబ్బులోనో షవర్ గదిలోనో పడతాయి, మిగతా నేల పొడిగా ఉంటుంది, తడి కాళ్లకు చిన్న చాప వేస్తారు. మన దగ్గర చెంబుతో పోసుకుంటే గది మొత్తం తడుస్తుంది, నేలంతా ట్రాప్ వైపు వాలి ఉంటుంది. వినైల్ పలకల పైభాగం తడిని తట్టుకున్నా సందుల్లోంచి కిందికి దిగిన నీళ్లకు బయటికి దారి ఉండదు. ఆయనకు ఇదే చెప్పండి, నొచ్చుకోరు. సాయం చేస్తానంటే ఆ రాడ్ల ఖర్చు పెట్టమనండి.

మేస్త్రితో మాట్లాడేటప్పుడు ఏమేం చేయాలో, ఏ మందు ఎన్ని పూతలో, నీళ్ల పరీక్ష ఎన్ని గంటలో, ఎపాక్సీ ఎవరు తేవాలో ఒక కాగితం మీద రాయించి డబ్బు విడతలుగా ఇవ్వండి, ఆఖరి విడత పరీక్ష నెగ్గాకే. టైల్స్ అన్ని పెట్టెలూ ఒకే బ్యాచ్ నంబరువి తీసుకోండి, ఒక పెట్టె అదనంగా అటక మీద పెట్టుకోండి, రేపు ఒకటి పగిలితే ఆ రంగు మళ్లీ దొరకదు.

"తేడా వస్తే అనేది నన్నే" అన్నారు. ఆ భయం ఊరికే రాలేదని నాకు తెలుసు, ఇళ్లలో అలాగే జరుగుతుంది. అందుకే ఒంటరిగా ఎంచొద్దు. శాంపిల్ టైల్స్ తెచ్చి, వాటి మీద నీళ్లు, సబ్బు పోసి, ఇంట్లో అందరినీ ఉత్త కాలితో రుద్ది చూడమనండి. మీ అబ్బాయిని కూడా. అత్తగారు కుర్చీలో కూర్చునే పాదంతో చూసి ఇది నయం, ఇది కాదు అని చెబుతారు. పైపుల పరీక్ష రోజు మీ ఆయన దగ్గరుండాలి, కింది మచ్చ ఆయనే ఫోటో తీయాలి. అప్పుడు నిర్ణయం నలుగురిదీ అవుతుంది.

ఇక అత్తగారు. "నేనింకెన్నాళ్లుంటాను" అన్న మాట వెనక ఖర్చు తన వల్లే అయిందన్న బాధ ఉంది, ఆ బండలు తీసేస్తే ఆయన చేతి పని ఒకటి ఇంట్లోంచి పోతుందన్న దిగులూ ఉంది. మొదటిదానికి కింది సీలింగ్ చూపించండి, ఆవిడ పడకపోయినా ఈ పని చేయాల్సిందేనని చెప్పండి, అది నిజం కూడా. రెండోదానికి వాదించొద్దు. బ్రేకర్ మిషన్ పెట్టి తవ్వితే బండలన్నీ ముక్కలవుతాయి, అలా కాకుండా గడప దగ్గర అంచు నుంచి మొదలుపెట్టి గునపంతో మెల్లగా ఎత్తమని మేస్త్రికి ముందే చెప్పి, ఆ ఒక్క పూటకు కూలీ ఎక్కువిస్తే నాలుగైదు బండలైనా పగలకుండా వస్తాయి. పెరట్లో తులసికోట చుట్టూ పరుచుకోవచ్చు. ఏ బండలు ఎటు రావాలో ఆవిడే చెబుతారు, ఆ పూట కుర్చీ వేసి అక్కడ కూర్చోబెట్టండి.